పరీక్ష తేదీని గుర్తుచేసే చిన్న సందేశం

కరెంటు బిల్లు గడువు, గ్యాసు సిలిండరు, పిల్లల కాలేజీ ఫీజు... ఇలాంటివన్నీ ఈ రోజుల్లో మనకు సెల్‌ఫోనే గుర్తుచేస్తోంది. క్యాన్సర్ ముందస్తు పరీక్ష తేదీని కూడా ఇదే విధంగా గుర్తుచేస్తే ఎక్కువమంది స్త్రీలు పరీక్షకు వస్తారా? వస్తారనే పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఆ సందేశం ఎవరి చేతికి అందుతుంది, అందులో ఏమి రాసి ఉంటుంది అన్నదాని మీదనే ఫలితం ఆధారపడి ఉంటుంది.

ఈ పరీక్షలు ఎవరికి?

భారత ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుండి 65 సంవత్సరాల స్త్రీలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారాలకు 5 సంవత్సరాలకు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. గర్భాశయ ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ యాసిడ్ అద్ది, ఒక నిమిషం తరువాత తెల్లని మచ్చలు కనిపిస్తున్నాయేమో చూస్తారు. కోత ఉండదు, మత్తు ఇవ్వరు, ఆసుపత్రిలో చేరవలసిన పని లేదు. అక్కడి కణాలలో వచ్చిన మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పదేళ్ళో, అంతకంటే ఎక్కువో పడుతుంది. ఆ లోపున కనిపెడితే చిన్న చికిత్సతోనే సరిపోతుంది.

ఇంత సులభమైన పరీక్షే అయినా, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30–49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా ఒక్కసారి ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. నొప్పి లేనప్పుడు పరీక్ష దేనికని కొందరు అనుకుంటారు. వచ్చే వారం చూద్దామని మరికొందరు వాయిదా వేస్తారు. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలలో, హాస్టళ్ళ వంటశాలలలో, ఎల్.బి.నగర్ కుట్టుపని కేంద్రాలలో పనిచేసే స్త్రీకి ఒక పూట సెలవు పెట్టడమంటే ఒక పూట కూలి పోయినట్టే. సందేశం ముఖ్యంగా ఉపయోగపడేది ఇలా వెళ్ళాలని ఉండి వాయిదా వేసేవారికే.

పరిశోధనలు ఏమంటున్నాయి?

లండన్‌లోని హిల్లింగ్డన్ ప్రాంతంలో రొమ్ము పరీక్షకు మొదటిసారి పిలుపు అందుకున్న 2,240 మంది స్త్రీల మీద జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. ఉత్తరం మాత్రమే అందినవారిలో 59.1 శాతం రాగా, 48 గంటల ముందు సందేశం కూడా పంపాలని నిర్ణయించిన వర్గంలో 64.4 శాతం వచ్చారు. నిజానికి వీరిలో చాలామంది ఫోన్ నంబర్లు వైద్యుల దగ్గర లేవు. నంబరు నమోదై ఉన్నవారిని మాత్రమే లెక్కించినప్పుడు తేడా దాదాపు 60 నుండి 72 శాతానికి పెరిగింది. అంటే నంబరు సరిగ్గా రాసుకోవడమే సగం పని!

టాంజానియాలోని కిలిమంజారో, అరూషా ప్రాంతాలలో గర్భాశయ ముఖద్వార పరీక్షకు ఒక్క సందేశమే అందినవారిలో నూటికి నలుగురు వస్తే, వరుసగా సందేశాలు అందినవారిలో సుమారు 13 మంది వచ్చారు. సందేశాలతో పాటు దారిఖర్చులు కూడా ఇచ్చినప్పుడు 18 మంది వచ్చారు. గుర్తుచేస్తే మేలు జరుగుతుంది, కాని బస్సు ఛార్జీకి ఇబ్బందిపడే మనిషికి గుర్తుచేయడం ఒక్కటే చాలదు.

ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

ఆసుపత్రి చీటీ మీద చాలామంది స్త్రీలు భర్త నంబరో, కొడుకు నంబరో రాయిస్తారు. అదే సర్వే ప్రకారం దేశంలో స్వయంగా వాడుకునే ఫోన్ ఉన్న స్త్రీలు 54 శాతమే. భర్త ఫోనుకు వచ్చిన సందేశం ఆయన డ్యూటీలో ఉండగానే ప్రకటనల మధ్య కలిసిపోతుంది. లేదా ఇంట్లో అందరూ చదివి, ఆమెకు ఏమైందోనని కంగారు పడతారు. అందువల్ల సందేశంలో జబ్బు పేరు రాయకపోవడమే మంచిది.

భాష కూడా ముఖ్యమే. ఒక ఎస్.ఎం.ఎస్.లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడితే, తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కించి 70 మాత్రమే పడతాయి. అయినా ఈ మాటలు అందులో సరిపోతాయి:

"మంగళవారం ఉదయం 10కి పరీక్ష. పాత చీటీ తెండి. రాలేకపోతే ఫోన్ చేయండి."

రోజు, సమయం, ఏమి తేవాలి, రాలేకపోతే ఏమి చేయాలి అన్నీ ఇందులో ఉన్నాయి. చదవడం రానివారికి ఇవే మాటలు ఫోన్ చేసి చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన సందేశం

పరీక్షలో తేడా కనిపించిన స్త్రీ తిరిగి రాకపోతే ఆ పరీక్ష వల్ల ఆమెకు ప్రయోజనం లేదు. అందుచేత రెండవసారి రమ్మని పిలిచే కబురు అన్నిటికన్నా విలువైనది. దానిని ఎస్.ఎం.ఎస్.కు వదిలివేయకుండా నర్సు స్వయంగా మాట్లాడి చెప్పడం మేలు. తేడా కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు, మరొక పరీక్ష అవసరమని మాత్రమే అర్థం. పెద్ద ఆసుపత్రికి వెళ్ళమంటే ఎలా వెళ్ళాలో కూడా చెప్పాలి. ఉదాహరణకు, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి ఎల్.బి.నగర్‌లో గాని దిల్‌సుఖ్‌నగర్‌లో గాని మెట్రో ఎక్కి, మధ్యలో మారకుండా లక్డీకాపూల్‌లో దిగవచ్చు.

మీరు చేయవలసినవి

• చీటీ రాయించేటప్పుడు మీరు వాడే నంబరే ఇవ్వండి. సిమ్ మారిస్తే ఆసుపత్రికి తెలపండి.
• మీకు ఫోన్ లేకపోతే, మీరు నమ్మే కూతురిదో, అక్కచెల్లెళ్ళదో, పొరుగువారిదో నంబరు వారిని అడిగి ఇవ్వండి.
• ఆ రోజుకు నెలసరి వస్తే మానుకోకుండా, ఫోన్ చేసి మరొక తేదీ తీసుకోండి.
• పరీక్ష తేదీ చెప్పడానికి ఏ ఆసుపత్రీ ఓ.టి.పి. గాని, బ్యాంకు వివరాలు గాని అడగదు. అడిగితే అది మోసమని గ్రహించండి.
• రొమ్ములో గడ్డ, కలయిక తరువాత రక్తస్రావం, నెలసరి ఆగిపోయాక మళ్ళీ రక్తం కనిపించడం, నోటిలో మానని పుండు – వీటిలో ఏది ఉన్నా సందేశం కోసం ఎదురుచూడవద్దు. వెంటనే వైద్యులను సంప్రదించండి.