ఉక్కు పోయింది, ఓడలు వచ్చాయి: స్పారోస్ పాయింట్ కథ

2024 మార్చి 26 తెల్లవారుజామున అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలీ అనే కంటైనర్ ఓడ వంతెన స్తంభాన్ని గుద్దిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. వంతెన కొన్ని సెకన్లలో కుప్పకూలింది. దాని మీద రోడ్డు రిపేరు చేస్తున్న ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఓడ సిబ్బందిలో దాదాపు అందరూ మన దేశం వాళ్లే.

శిథిలాలు అడ్డం పడి బాల్టిమోర్ పోర్టుకి దారి మూసుకుపోయింది. కానీ వంతెనకి సముద్రం వైపున్న ఒక్క చోటికి మాత్రం ఓడలు వస్తూనే ఉన్నాయి. కార్లు మోసే ఓడల్ని చాలావరకు అక్కడికే మళ్లించారు. అదే స్పారోస్ పాయింట్.

నిజానికి అది పోర్టు కోసం పుట్టిన చోటు కాదు. 1887లో అక్కడ ఉక్కు కర్మాగారం పని మొదలైంది. 1916లో బెత్లెహెమ్ స్టీల్ కొంది. 1950ల చివరికి అది ప్రపంచంలోనే అతి పెద్ద స్టీల్ ప్లాంట్, సుమారు 30,000 మందికి ఉద్యోగం. గోల్డెన్ గేట్ వంతెనలో కొంత ఉక్కు ఇక్కడిదే. తర్వాత 2001లో కంపెనీ దివాలా తీసింది, రిటైరైనవాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్ కూడా పోయింది. ప్లాంటు చేతులు మారుతూ మారుతూ 2012లో పూర్తిగా మూతపడింది.

మరి ఖాళీ అయిన ఆ 3,000 ఎకరాలకు పైగా నేల పోర్టుకి ఎందుకు పనికొచ్చింది? ఉక్కు ప్లాంటుకి ఇనుప ఖనిజం ఓడల్లో రావాలి కదా. అందుకే లోతైన నీళ్లు, రేవు, రైలు పట్టాలు ముందే ఉన్నాయి. హైవే కూడా పక్కనే. కొత్తగా ఒడ్డున ఇవన్నీ కట్టాలంటే ఖర్చు మామూలుగా ఉండదు. ట్రేడ్‌పాయింట్ అట్లాంటిక్ అనే కంపెనీ ఈ లెక్క చూసుకునే దిగింది. ఇప్పుడక్కడ కార్లు దిగే రేవుంది, అమెజాన్ లాంటి కంపెనీల పెద్ద పెద్ద గోడౌన్లున్నాయి.

అసలు చిక్కు మట్టితో. నూరేళ్లకు పైగా స్లాగు, నూనె, బెంజీన్ అందులోకి ఇంకాయి. మొత్తం తవ్వి పారేయడం కుదరదు. అందుకని నేలని ముక్కలు ముక్కలుగా పరీక్షిస్తారు, కలుషితమైన చోట పైన తారో కాంక్రీటో పరిచి కప్పేస్తారు, భూగర్భ జలాన్ని తోడి శుద్ధి చేస్తారు. పిల్లలు ఆడుకునే ఇళ్లకి ఇది చాలదు, లారీలు తిరిగే యార్డుకి సరిపోతుంది. పాత ఫ్యాక్టరీ నేల పోర్టుగా మారడానికి ఇదీ ఒక పెద్ద కారణమే, కాకపోతే దీని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

ఇప్పుడు ఎం.ఎస్.సి. షిప్పింగ్ గ్రూపుకి చెందిన టెర్మినల్ కంపెనీతో కలిసి కోక్ పాయింట్ దగ్గర కంటైనర్ టెర్మినల్ కట్టాలని ప్లాన్. దానికి కాలువ లోతు చేయాలి, అంటే అడుగున ఉన్న బురద తవ్వాలి. ఆ బురద ఎక్కడ పోస్తారని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అడుగుతున్నారు. అలాంటి ఊళ్లలో టర్నర్ స్టేషన్ ఒకటి, ప్లాంటులో పనిచేసిన నల్లజాతి కుటుంబాలు స్థిరపడ్డ చోటు. హీలా కణాల గురించి విన్నారా? ఆ హెన్రియెట్టా లాక్స్ కుటుంబం ఉన్నది అక్కడే, ఆమె భర్త పనిచేసింది ఈ ప్లాంటులోనే.

పోర్టు వస్తే ఉద్యోగాలొస్తాయి, నిజమే. కానీ క్రేన్లు చేసే పనికి 30,000 మంది అక్కర్లేదు. నా మటుకు నేను బురద గురించి అడిగేవాళ్ల ప్రశ్నకే ముందు జవాబు రావాలంటాను, ఎందుకంటే పొగ పీల్చిందీ వాళ్లే, రేపు లారీల రద్దీ భరించేదీ వాళ్లే.