గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు - చరవాణి సందేశాల పాత్ర

ఉపోద్ఘాతం:
గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. 2030 నాటికి 70 శాతం స్త్రీలకు 35 ఏళ్లలోపు ఒకసారి, 45 ఏళ్లలోపు మరొకసారి పరీక్ష జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో లక్ష్యంగా నిర్దేశించింది. అయితే వైరస్ ఉన్నట్లు తేలిన స్త్రీ తదుపరి పరీక్షకు తిరిగి వచ్చినప్పుడే మొదటి పరీక్షకు సార్థకత.

టాంజానియా అనుభవం:
ఇలా రప్పించడానికి చరవాణి సందేశాలు తోడ్పడతాయా అన్న అంశాన్ని దార్ ఎస్ సలామ్, కిలిమంజారో ప్రాంతాల్లో పరిశీలించారు. వైరస్ ఉన్న స్త్రీలను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి ఆరోగ్య సమాచారాన్ని, పరీక్షకు రావలసిన విషయాన్ని తెలిపే సందేశాలు పంపారు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం ఇరువర్గాల హాజరులో చెప్పుకోదగిన తేడా లేదు. అవి ఏకముఖ సందేశాలు. అందుకున్న స్త్రీ తన సందేహాన్ని తిరిగి అడిగే వీలు వాటిలో లేదు. దారి ఖర్చు, ఫలితంపై భయం వంటి అవరోధాలు కేవలం గుర్తుచేయడం వల్ల తొలగవు.

తెలుగులో సందేశ రచన:
ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషుకు 160 స్థానాలుంటే తెలుగు లిపికి 70 మాత్రమే. గుణింతపు గుర్తులు, పొల్లులు కూడా లెక్కలోకి వస్తాయి. ‘గర్భాశయ ముఖద్వార క్యాన్సర్’ అన్న పేరుకే 26 స్థానాలు పోతాయి. పైగా ఇంటిల్లిపాదీ వాడే ఫోనులో ఆ పేరు కనిపిస్తే ఆమె గోప్యతకు భంగం.

ముగింపు:
కనుక ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, ఆమె చదవగలదా, తిరిగి అడిగితే బదులిచ్చేవారెవరు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికాకే సందేశ రచనకు పూనుకోవాలి.