కంచంలో సగమే కనిపిస్తే...

పక్షవాతం అనగానే చెయ్యీ కాలూ పడిపోవడమే మనకి గుర్తొస్తుంది. కానీ దెబ్బ తగిలేది మెదడుకి. రక్తనాళం పూడుకుపోయినా, చిట్లినా, మెదడులో ఏ భాగం దెబ్బతిందన్న దాన్నిబట్టి మనిషి చూపు, మాట, ధ్యాస కూడా మారిపోతాయి.

కుడి మెదడు దెబ్బతింటే శరీరంలో ఎడమవైపు చచ్చుబడుతుంది. వీళ్లలో కొందరికి కళ్లు బాగానే ఉన్నా, ఎడమపక్క ఏదైనా ఉందన్న ధ్యాసే ఉండదు. నాకు తెలిసిన ఒకింట్లో మామగారు కంచంలో కుడివైపు అన్నం తినేసి, ఎడమవైపు కూర ముట్టేవారు కాదు. 'నా వంట నచ్చలేదు కాబోలు' అని కోడలు చిన్నబుచ్చుకునేది. కంచం తిప్పి పెడితే ఆ కూరే ఇష్టంగా తిన్నారు! కొందరైతే తమ చెయ్యి పడిపోయిందనే ఒప్పుకోరు. అది మొండితనం కాదు, జబ్బు లక్షణమే.

మెదడు వెనకభాగం దెబ్బతింటే మాత్రం నిజంగానే చూపులో ఒకపక్క సగం పోవచ్చు. తల తిప్పి చూడడం వీళ్లకి అలవాటు చేయాలి.

ఎడమ మెదడు దెబ్బతింటే చాలామందికి మాట తడబడుతుంది, లేదా పోతుంది. 1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా చూసిన ఒక రోగి 'టాన్' అన్న ముక్క తప్ప దాదాపు ఏమీ అనలేకపోయేవాడు. కానీ ఎదుటివాళ్ల మాటలు చాలావరకు అర్థమయ్యేవి. అందుకే మంచం పక్కన నిలబడి "ఆవిడకేం తెలుస్తుందిలే" అనకండి. చిన్న చిన్న మాటలతో, నిదానంగా అడగండి. జవాబుకి కాస్త ఆగండి.

మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షను మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ స్కానింగు చేశాకే. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.