ప్రకటనపై ప్రజాస్పందన: ర్యాపిడో – ఆర్టీసీ వివాదం

సామాజిక మాధ్యమాల్లో ఒక వ్యాపార ప్రకటనకు వచ్చే స్పందనను సంస్థలు సాధారణంగా వీక్షణలు, లైకులు, వ్యాఖ్యల సంఖ్యతో అంచనా వేస్తాయి. అయితే ఆ స్పందన ఎవరినుండి, ఏ కారణంగా వచ్చిందన్నది అంతకంటే ముఖ్యం. 2021 నవంబరు నాటి ర్యాపిడో వివాదం ఇందుకు నిదర్శనం.

అల్లు అర్జున్ దోసెలు వేసే వ్యక్తిగా కనిపించే ఆ ప్రకటన, ఆర్టీసీ బస్సు ఆలస్యమనీ, రద్దీలో ప్రయాణికుడు మసాలా దోసెలా మారిపోతాడనీ, బైకు ట్యాక్సీయే వేగవంతమనీ సూచించింది. ప్రయాణికులు, ఉద్యోగులు, విశ్రాంత ఉద్యోగులు అభ్యంతరం తెలిపారు. తెలంగాణ ఆర్టీసీ ఎండీ వి.సి. సజ్జనార్ నటునికీ, సంస్థకూ లీగల్ నోటీసులు పంపారు. ప్రకటనను సవరించినా వివాదం న్యాయస్థానానికి చేరింది.

ఈ ఆగ్రహానికి మూలం ఆర్టీసీతో ప్రజలకున్న అనుబంధంలో ఉంది. ఏపీఎస్‌ఆర్టీసీ ప్రధాన కార్యాలయం గల విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌కు కృష్ణా డెల్టా గ్రామాలనుండి విద్యార్థులు, రోగులు, కూలీలు బస్సుల్లోనే చేరుకుంటారు. బస్సును పరిహసిస్తే అందులో ప్రయాణించేవారినీ, డ్రైవరునూ, కండక్టరునూ పరిహసించినట్లే వారు భావిస్తారు.

భారత ప్రకటనల ప్రమాణాల మండలి నియమావళి పోలికను అనుమతిస్తుంది. అన్యాయంగా కించపరచడాన్ని అనుమతించదు. కనుక సంస్థ మొదట వెక్కిరింపునూ, సహేతుకమైన అభ్యంతరాన్నీ వేరుచేయాలి, నొచ్చుకున్నవారిని గుర్తించాలి, చేసిన మార్పునూ, దాని కారణాన్నీ బహిరంగంగా తెలపాలి. దృశ్యాన్ని తొలగించడం సవరణ మాత్రమే, సమాధానం కాదు.