సూరత్ పక్కన కట్టిన వజ్రాల ఊరు: మీకు తెలుసా?

సూరత్ నుంచి గోల్కొండకు ఒకప్పుడు వజ్రాల దారి ఉండేదని మీకు తెలుసా? పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఓడ దిగింది సూరత్‌లోనే. అక్కడి నుంచి గోల్కొండకు, గోల్కొండ నుంచి ఏడు రోజుల ప్రయాణం చేసి కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనులకు చేరాడు. తాను మొదటిసారి చూసినప్పుడు ఆ గనిలో దాదాపు 60 వేల మంది పని చేస్తున్నారని రాశాడు. ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవారట. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది. రాయి పుట్టిన చోట నీళ్లు నిలిచాయి. రాయి అమ్ముడైన రేవు మాత్రం ప్రపంచపు వజ్రాలను సానపట్టే ఊరైంది. లోకంలో సానపట్టే ప్రతి పది వజ్రాల్లో ఎనిమిది, తొమ్మిది సూరత్‌లోనే తయారవుతాయి.

ఇప్పుడు ఆ ఊరి శివారులో, డుమస్ సముద్రతీరానికి వెళ్లే వైపున, ఖజోద్ అనే చోట మరో ఊరు కడుతున్నారు. దాని పూర్తి పేరు డైమండ్ రీసెర్చ్ అండ్ మర్కంటైల్ సిటీ. అందరూ పిలిచేది డ్రీమ్ సిటీ అని. సుమారు రెండు వేల ఎకరాల్లో ఆఫీసులు, ఇళ్లు, హోటళ్లు, సమావేశ మందిరాలు ఒకే చోట ఉండాలన్నది ఆలోచన. 2015లో శంకుస్థాపన జరిగింది.

ఖజోద్ పేరు చెబితే సూరత్ వాళ్లకు ముందు గుర్తొచ్చేది చెత్త అని తెలుసా?

నగరంలో పోగైన చెత్తను ఏళ్ల తరబడి తరలించింది ఖజోద్‌కే. ఆ పక్కనే ఇంత ఖరీదైన సరుకుకు చిరునామా కట్టాలనుకోవడం సాహసమే. పెద్ద విస్తీర్ణంలో ప్రభుత్వ భూమి దొరకడం దీనికి ముఖ్య కారణం. పాత బజారు చుట్టూ అంత జాగా ఎక్కడుంది?

ఇక్కడ మన తెలుగువాళ్లకు సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు భయం రేగి, లక్షల మంది ఊరు విడిచి పారిపోయారు. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.రావు. పూర్తి పేరు సూర్యదేవర రామచంద్రరావు. అధికారులను రోజూ వీధుల్లోకి పంపాడు. ఆక్రమణలు తొలగించి రోడ్లు వెడల్పు చేయించాడు. చెత్త ఎత్తే పనికి వేళలు, బాధ్యతలు ఖరారు చేశాడు. 1996లో వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ సూరత్‌ను దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా ఎంపిక చేసింది. మొదటిది చండీగఢ్. చండీగఢ్ గీత గీసి కట్టిన ఊరు, సూరత్ ఇరుకు సందుల పాత రేవు. నా దృష్టిలో డ్రీమ్ సిటీ కథ మొదలయ్యేది శంకుస్థాపన రోజున కాదు, ఆ రెండేళ్లలో. ఊరు తనను తాను బాగుచేసుకోగలదన్న నమ్మకం అప్పుడు పుట్టింది.

పెంటగాన్ రికార్డు పోయింది ఇక్కడే

1943 నుంచి ప్రపంచంలోకెల్లా పెద్ద ఆఫీసు భవనంగా అమెరికా రక్షణ శాఖ వారి పెంటగాన్‌కు పేరు. 2023లో గిన్నిస్ ఆ స్థానాన్ని వజ్రాల వ్యాపార కేంద్రమైన సూరత్ డైమండ్ బోర్స్‌కు ఇచ్చింది. డ్రీమ్ సిటీలో అన్నిటికంటే ముందు లేచిన భవనం ఇదే. 2023 డిసెంబరు 17న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు.

అంకెలు చూడండి. 35 ఎకరాల స్థలం, పదిహేనేసి అంతస్తుల టవర్లు తొమ్మిది, నాలుగు వేలకు పైగా ఆఫీసులు, 131 లిఫ్టులు. 65 వేల మందికి పైగా పని చేయగలిగేలా కట్టారు. అంటే టావెర్నియే కొల్లూరు గనిలో చూసినంత జనం ఒకే కప్పు కింద!

నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది సైజు కాదు, దాని పొందిక. ఢిల్లీకి చెందిన మార్ఫోజెనెసిస్ సంస్థ వేసిన నమూనా ఇది. తొమ్మిది టవర్లనూ కలుపుతూ మధ్యలో వెన్నెముకలా ఒక పొడవాటి నడవా ఉంటుంది. ఏ గేటులోంచి వచ్చినా ఏ ఆఫీసుకైనా ఏడు నిమిషాల్లో చేరేలా లెక్క వేశారు. చిన్న దళారీ గది లిఫ్టుకు దూరంగా, పెద్ద శేఠ్ గది దగ్గరగా అన్న తేడా రాకూడదనుకున్నారు. టవర్ల మధ్య ఒక్కొక్కటి ఎకరంన్నర ఉండే తొమ్మిది ఆవరణలు విడిచిపెట్టారు. గాలి ఆ నడవాలోంచి తోసుకుపోయేలా భవనాన్ని తిప్పి కట్టారు. చల్లటి నీటిని నేల అడుగున పారించి గదులను చల్లబరిచే ఏర్పాటు కూడా ఉంది. సూరత్ ఎండ ఎరిగినవాళ్లు దీని విలువ చెప్పగలరు.

ఇది లాభం కోసం కట్టింది కాదు

వ్యాపారులే ఒక లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడి, తమ గదులకు తామే ముందుగా డబ్బు కట్టి, ఆ డబ్బుతో కట్టించుకున్నారు. రికార్డు కొట్టాలని ఎవరూ అనుకోలేదట. ఎంతమంది గది అడిగారో లెక్క తీస్తే భవనం అంత అయింది. ఖర్చు మూడు వేల కోట్ల రూపాయలు దాటింది.

మరి గదులన్నీ నిండాయా?

లేదు. ప్రారంభమైన మొదటి ఏడాదిలో ఎక్కువ ఆఫీసులకు తాళాలే ఉన్నాయి. ముంబయి నుంచి ఆర్భాటంగా తరలివచ్చిన ఒక పెద్ద సంస్థ కొద్ది నెలల్లోనే మళ్లీ ముంబయి దారి పట్టింది. అమెరికా, చైనాల్లో గిరాకీ పడిపోవడం, ల్యాబ్‌లో పెంచిన వజ్రాలు చవగ్గా దొరకడం, రష్యా రాయిపై ఆంక్షలు అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. కానీ మందగమనం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

సూరత్ మహిధర్‌పురా వీధి చూస్తే కారణం తెలుస్తుంది. అక్కడ వజ్రాల బేరం నడిరోడ్డు మీద జరుగుతుంది. ఆగిన స్కూటర్ సీటు మీద కాగితపు పొట్లం విప్పుతారు. చిమటాతో రాయి పట్టుకుని, భూతద్దంలో చూసి, రెండు మాటల్లో ధర తేల్చేస్తారు. లక్షల సరుకు మాట మీద చేతులు మారుతుంది. సరుకును, సొమ్మును ఊరూరా చేరవేసే ఆంగడియాలు నాలుగడుగుల దూరంలో ఉంటారు. వరాఛా మినీ బజారులోనూ ఇంతే. ఆ నమ్మకం ఒక తరం కష్టపడి కూడబెట్టుకున్నది. పక్కవాడు రానిదే నేను వెళ్తే నా పొట్లం చూసేదెవరు అని ప్రతివాడూ ఆలోచిస్తాడు. అందరూ ఒకేరోజు కదిలితే తప్ప ఎవరూ కదలరు.

ఇది ఒక్క సూరత్ సంగతే కాదు. ముంబయిలో బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లోని భారత్ డైమండ్ బోర్స్ 2010లో తెరిచినప్పుడూ ఒపేరా హౌస్ వ్యాపారులు పాత గదులు వదలడానికి మొరాయించారు. 2011 జులైలో ఒపేరా హౌస్ దగ్గర బాంబు పేలాకే చాలామంది కదిలారు. అలాంటి కారణం ఏ ఊరికీ రాకూడదు.

హైదరాబాద్ అనుభవంతో పోల్చండి. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. దాని చుట్టూ ఊరు త్వరగానే పెరిగింది. అక్కడికి వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్లకు వదులుకోవలసిన పాత బజారు లేదు. ఖజోద్‌కు రమ్మంటున్నది మాత్రం బజారు ఉన్నవాళ్లను. ఆ పిలుపు బరువు వేరు.

మెట్రో చివరి స్టేషన్ పేరు డ్రీమ్ సిటీ

సూరత్ మెట్రో మొత్తం 40 కిలోమీటర్ల పైచిలుకు. అందులో మొదటి లైను సర్థాణా నుంచి డ్రీమ్ సిటీకి, సుమారు 21.6 కిలోమీటర్లు. ఈ లైను కాపోద్రా, రైల్వేస్టేషన్, మజూరా గేటు మీదుగా వస్తుంది. అమ్రేలీ, భావ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ రత్నకళాకారులు, అంటే సానపట్టే పనివాళ్లు, ఎక్కువగా ఉండేది వరాఛా, కతార్‌గామ్ వైపు. వాళ్లుండే వరాఛా వైపు నుంచి బోర్స్‌కు నేరుగా రైలు నడిస్తే బజారు, కార్ఖానా మధ్య దూరం తగ్గుతుంది. భవనం ముందు వచ్చి రైలు తర్వాత రావడం పెద్ద పొరపాటని నా అభిప్రాయం.

భూమి సంగతి

గుజరాత్‌లో కొత్త పేటలు వేసే పద్ధతి టౌన్ ప్లానింగ్ స్కీమ్. 1976 నాటి చట్టం ప్రకారం రైతుల చెక్కలన్నీ కలిపి, రోడ్లకు, పార్కులకు కొంత తీసుకుని, మిగిలింది సరైన ఆకారంలో తిరిగి ఇస్తారు. అమరావతి భూసమీకరణ దీనికి దూరపు చుట్టమే. అక్కడ ఎకరం మెట్ట ఇచ్చిన రైతుకు వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం అన్నారు. నీటి వసతి ఉన్న జరీబు భూమైతే వాణిజ్య స్థలం 450 గజాలు. డ్రీమ్ సిటీకి ప్రధానంగా ప్రభుత్వ భూమి కలిసిరావడంతో రైతుల భూములు కలిపే చిక్కు చాలావరకు తప్పింది.

లింబాయత్‌లో తెలుగు పలుకుతుందని తెలుసా?

వజ్రాలకంటే ఎక్కువమందికి సూరత్ అంటే చీరలే. ఆ మగ్గాల మీద తెలంగాణ చేతులు ఎన్నో ఉన్నాయి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ పల్లెల నుంచి చేనేత దెబ్బతిని వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ ప్రాంతంలో తరాలుగా ఉంటున్నాయి. ఆ పేటలకు ఎవరూ శంకుస్థాపన చేయలేదు. పవర్‌లూమ్ షెడ్ల పక్కనే గదులు లేచాయి, గదుల పక్కనే కిరాణా కొట్లు, గుళ్లు వచ్చాయి. ఆ పేటల్లో పిల్లలున్నారని గుర్తించి సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిషుతో కలిపి మొత్తం ఏడు భాషల్లో అక్కడ ప్రభుత్వ చదువు దొరుకుతుంది. ఖజోద్‌లో ఊడ్చేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, టీ అందించేవాళ్లు, రాళ్లు సానపట్టేవాళ్లు కూడా కాపురం పెట్టగలిగే అద్దెకు ఇళ్లు, వాళ్ల పిల్లలకు అలాంటి ఒక బడి మిగిలిన ప్లాట్లలో తప్పకుండా ఉండాలి.