నిలిపిన చోటే అసలు కథ

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల పందెం జరిగింది. మన దేశంలో అదే తొలి ఫార్ములా-ఈ రేసు. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రేసు కారంటే గుండెలదిరే మోత అనుకుని వచ్చినవాళ్లకు గాలిని కోసే ఈల, మలుపుల్లో టైర్ల కీచు వినిపించాయి. అంత వేగానికి అంత తక్కువ చప్పుడు చాలని నగరం ఆ రోజు చెవులారా వింది.

ఇవాళ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర కాసేపు నిలబడితే ఆకుపచ్చ నంబరు ప్లేట్లు కనబడుతూనే ఉంటాయి. తెల్ల అక్షరాలుంటే సొంత బండి, పసుపు అక్షరాలుంటే కిరాయి బండి. స్కూటర్ల నడుమ అప్పుడప్పుడూ ఒక మెర్సిడెస్ ఈక్యూఎస్, ఒక బీఎండబ్ల్యూ ఐ7 మెల్లగా జారిపోతుంటాయి. 2020 అక్టోబరులో మెర్సిడెస్ ఈక్యూసీ వచ్చినప్పుడు మన మార్కెట్లో లగ్జరీ ఎలక్ట్రిక్ అంటే అదొక్కటే. 2022లో ఈక్యూఎస్‌ను పుణె దగ్గర చాకన్‌లోనే బిగించడం మొదలుపెట్టారు. 2025 జులైలో ముంబైలో టెస్లా షోరూము తెరిచింది. అదే ఏడాది జనవరిలో బీఎండబ్ల్యూ చెన్నై ఫ్యాక్టరీలో తయారైన పొడవాటి ఐఎక్స్1ను 49 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరకు తెచ్చింది. మా ఇంటికి వచ్చింది ఆ బండే.

ధర గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. ఎలక్ట్రిక్ కారుకు జీఎస్టీ 5 శాతం. అదే తరగతి పెట్రోలు కారుకు 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. తెలంగాణలో 20 లక్షలు దాటిన కారుకు లైఫ్ ట్యాక్స్ 18 శాతానికి తగ్గదు; ఎలక్ట్రిక్ బండ్లకు 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఆ పన్నూ, రిజిస్ట్రేషన్ ఫీజూ పూర్తిగా మాఫీ చేశారు. ఇలాంటి బండి మీద అదొక్కటే ఎనిమిదిన్నర లక్షలు దాటుతుంది. జీతం మీద బతికే కుటుంబం ఈ కారు వైపు చూడగలగడానికి సగం కారణం ఈ పన్నుల తేడాయే. అయితే లక్ష రూపాయల స్కూటరుకూ, కోటిన్నర కారుకూ ఒకే మినహాయింపు ఇవ్వడం నాకు న్యాయంగా తోచదు. ఖరీదైన బండ్ల దగ్గర కొంత వసూలు చేసి ఆ డబ్బు హైవేల మీద చార్జర్లకు పెట్టి ఉంటే అందరికీ మేలయ్యేది. అడిగితే నేనూ సంతోషంగా కట్టేవాణ్ణి.

కొత్త బండి పూజకు అందరిలాగే పెద్దమ్మ గుడికి వెళ్లాం. పూజారి అలవాటుగా బానెట్ ఎత్తమన్నారు. లోపల నల్లటి ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనపడలేదు. ఆయన క్షణం ఆలోచించి ఆ మూతకే పసుపు కుంకుమ పెట్టి, “ఇప్పుడివే ఎక్కువ వస్తున్నాయి బాబూ” అన్నారు. నిమ్మకాయల మీదుగా బండి కదిలినప్పుడు అమ్మ, “స్టార్ట్ చెయ్యరా ముందు” అంది. అప్పటికే గుడి వాకిలి దాటేశాం.

ఎక్కిన ప్రతివాళ్లకూ మొదట తగిలేది ఈ నిశ్శబ్దమే. కానీ నిజంగా లోపల చప్పుడు లేదనుకుంటే పొరపాటు. ఇంజను మోత ఇన్నాళ్లూ కప్పిపెట్టినవన్నీ పైకొస్తాయి. సిమెంటు రోడ్డెక్కితే టైర్ల రొద, ఎనభై దాటితే అద్దాల దగ్గర గాలి, వెనక సీట్లో నీళ్ల సీసా దొర్లడం, అన్నీ వినపడతాయి. దాంతోపాటే మనుషులు వినపడతారు. పాత కారులో అమ్మ వెనక నుంచి ఏమన్నా అంటే “ఏంటమ్మా?” అని రెండోసారి అడగాల్సి వచ్చేది. ఇందులో ఆవిడ తనలో తను గొణుక్కున్నా ముందుకు వినిపిస్తుంది. మామూలు ఐఎక్స్1 కంటే చక్రాల మధ్య దూరం పది సెంటీమీటర్లకు పైగా పెంచారు, అదంతా వెనక కూర్చునేవాళ్ల కాళ్లకే పోయింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి కాళ్లు చాపుకుని, గొంతు పెంచకుండా కబుర్లు చెప్పుకుంటూ ఊరంతా తిరగగలగడం ఎంత సుఖమో ఆవిడ ముఖం చూస్తే తెలుస్తుంది. మెత్తటి సీట్లు, వంపు తిరిగిన తెర, గాజు పైకప్పు, ఇవన్నీ ఆ సుఖం తర్వాతే.

బీఎండబ్ల్యూ ఎలక్ట్రిక్ కార్లలో వేగం పెంచినప్పుడు లోపల వినిపించే కృత్రిమ ధ్వనుల కోసం హాలీవుడ్ సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ పనిచేశాడు. పిల్లలకు అది మహా ఇష్టం. నేను మాత్రం ఆపేస్తాను. బయటికి వినిపించే మరో శబ్దం ఉంది, తక్కువ వేగంలో పాదచారులను హెచ్చరించే సన్నటి రొద. సెల్లార్లో పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటే, వాచ్‌మన్ కూతురు ముగ్గు వేస్తుంటే, ఆ రొద ఎంత అవసరమో అర్థమవుతుంది. అది ఇంకొంచెం గట్టిగా ఉన్నా అభ్యంతరం లేదు.

వేగం గురించి అందరూ అడుగుతారు. గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఈ బండికి ఎనిమిదిన్నర సెకన్లకు పైనే పడుతుంది. ఈక్యూఎస్ 580 లాంటివి అందులో సగం సమయంలోనే అందుకుంటాయి. నగరంలో తేడా తెలిసేది వంద దగ్గర కాదు, సిగ్నల్ పడ్డాక మొదటి ఇరవై గజాల్లో. మోటారుకు గేర్లు మార్చుకునే పని లేదు, పూర్తి బలం మొదటి క్షణం నుంచే ఉంటుంది. కాలు తీస్తే అదే మోటారు జనరేటరుగా మారి బండిని నెమ్మది చేస్తూ బ్యాటరీలోకి కరెంటు తిరిగి పంపుతుంది. మెహదీపట్నం ట్రాఫిక్‌లో బ్రేకు మీద కాలు పెట్టే అవసరమే చాలాసార్లు రాదు. కొండ దిగేటప్పుడు ఈ గుణం ఇంకా బాగా కనిపిస్తుంది. తిరుమలకూ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు ఏడు వందల మీటర్లు. రెండు టన్నుల బండి అంత ఎత్తు దిగితే లెక్క ప్రకారం దాదాపు నాలుగు యూనిట్లు విడుదలవుతాయి. కొంత రాపిడిలో, వేడిలో పోయినా మిగిలినది బ్యాటరీకి చేరుతుంది. పెట్రోలు కారులో ఆ శక్తంతా బ్రేకులు కాలిన వాసనగా పోతుంది. అదే కొండ మీదికి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు 2022 నుంచే నడుస్తున్నాయి.

ఇదంతా నడిపేటప్పటి సంగతి. ఈ బండితో కాపురం ఎలా ఉంటుందో తేలేది మాత్రం దాన్ని ఆపి ఉంచే చోట. అందుకే కారు చూడటానికి షోరూముకు వెళ్లకముందే మా అపార్ట్‌మెంట్ మీటర్ రూముకు వెళ్లాను. మా ఎలక్ట్రీషియన్ టార్చి వేసి చూసి, “సార్, మీ మీటరు మీద ఉన్న లోడు ఐదు కిలోవాట్లే. రెండు ఏసీలు, గీజరు, పైన ఈ బండి అంటే ఆగదు. ముందు లోడు పెంచమని డిస్కంలో రాయండి” అన్నాడు. ఇంటి గోడకు బిగించే 7.4 కిలోవాట్ల చార్జరు 32 ఆంపియర్లు లాగుతుంది. 11 కిలోవాట్లది కావాలంటే త్రీ ఫేజ్ ఉండాలి. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే చార్జరు కరెంటు ఇవ్వదు. మీటరు నుంచి పార్కింగ్ దాకా కేబుల్ ఎవరి గోడ మీదుగా పోవాలి, ఎవరి పార్కింగ్ పైనుంచి పోవాలి అన్నది మరో పెద్ద చర్చ. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్ సెల్లార్లు ఎలా మునిగాయో చూసినవాళ్లం కాబట్టి చార్జరును ఛాతీ ఎత్తున పెట్టించాం.

ఆ పని అయ్యాక జీవితం ఎంత తేలికైందో చెప్పాలి. రాత్రి భోజనాలయ్యాక సెల్లార్లోకి దిగి ప్లగ్గు పెట్టి వస్తాను. బ్యాటరీ 66.4 యూనిట్లది. నలభై శాతం నుంచి ఎనభైకి చేరడానికి నాలుగు గంటలు పట్టదు. పొద్దున కారు నిండి ఉంటుంది, బంకు మొహం చూడక్కర్లేదు. నగరంలో నాకు యూనిట్‌కు ఆరు కిలోమీటర్ల దాకా వస్తోంది. స్లాబుల్లో పై మెట్టు యూనిట్ పది రూపాయలనుకున్నా కిలోమీటరు రెండు రూపాయలలోపే. లీటరు 107 రూపాయలు దాటిన ఊళ్లో ఇదే పరిమాణం పెట్రోలు కారు కిలోమీటరుకు పది రూపాయలు తాగుతుంది. పరీక్షల్లో ఈ బండికి వచ్చిన రేంజి 531 కిలోమీటర్లు. రోడ్డు మీద నాలుగు వందలు నమ్ముకోవచ్చు. పరీక్ష కొలతకూ రోడ్డు కొలతకూ ఇంత తేడా ప్రతి ఎలక్ట్రిక్ బండిలోనూ ఉంటుంది, కొనేవాళ్లు చిన్న అంకెనే చూసుకోవాలి.

ఇంటి చార్జరు లేని మనిషికి ఇదే కారు వేరే కారు అవుతుంది. ఆ సంగతి మొదటి దూర ప్రయాణంలో బాగా అర్థమైంది. విజయవాడ రెండు వందల డెబ్బై కిలోమీటర్లు. ఆపకుండా చేరవచ్చు, కానీ మేం వెళ్లాల్సింది గుడివాడ దాటి మేనత్త ఊరికి. గంటకు వంద మీద నడిపితే గాలి నిరోధం పెరిగి రేంజి తగ్గుతుంది. సూర్యాపేట దాటాక ఒక హోటల్ ఆవరణలో చార్జరుందని ఫోన్ చూపిస్తే ఆగాం. తెర వెలగలేదు. హోటల్ కుర్రాడు, “పొద్దున్నుంచి పనిచెయ్యట్లేదండి” అన్నాడు. ఇంకో చోటికి వెళితే అక్కడ ఒక క్యాబ్ ముందే పెట్టి ఉంది. డ్రైవరు దిగి వచ్చి, “డెబ్బై ఆరయింది సార్, ఎనభై కాగానే తీసేస్తా. ఆ పైన నిదానమైపోద్ది. ఆఖరి ఇరవై కోసం కూర్చుంటే నాకు ఒక ట్రిప్పు పోయినట్టే” అన్నాడు.

అతను చెప్పింది బ్యాటరీ స్వభావం. నిండే కొద్దీ లిథియం అయాన్లకు చోటు దొరకడం కష్టమవుతుంది, తొందరపెడితే సెల్స్ దెబ్బతింటాయి, అందుకే కారే కరెంటు తగ్గించుకుంటుంది. పది నుంచి ఎనభై శాతానికి అరగంట అని కంపెనీ చెప్పేది 130 కిలోవాట్ల చార్జరు దగ్గర. మాకు దొరికిన 60 కిలోవాట్ల దాని మీద ముప్పావు గంట దాటింది. అక్కడ యూనిట్‌కు ఇంటి రేటుకు రెట్టింపు కంటే ఎక్కువే. ఆ కాసేపట్లో క్యాబ్ డ్రైవరు ఏ ఊళ్లో ఏ చార్జరు నమ్మదగినదో, ఏది రాత్రిళ్లు గొలుసు వేసి ఉంటుందో వరసగా చెప్పాడు. రోజంతా ఇదే పని మీద బతికే అతనికి తెలిసినంత ఏ యాప్‌కూ తెలియదు. అతనికి సొంత పార్కింగ్ లేదట, ఇంటి దగ్గర బండి వీధిలో పెడతాడు. ప్రతి యూనిటూ బయటి రేటుకే కొంటాడు. నేను రెండు రూపాయలకు నడిపే కిలోమీటరు అతనికి నాలుగు దాకా పడుతుంది. బండి ఖరీదు కంటే ఈ తేడా నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

మేనత్త ఇంట్లో గీజరు ప్లగ్గుకు పెట్టి పడుకున్నాం. “కరెంటు పోతే ఎట్లారా?” అని ఆవిడ రెండుసార్లు లేచి చూసింది. పోలేదు. తెల్లారేసరికి నూట యాభై కిలోమీటర్లకు సరిపడా ఎక్కింది.

ఈ కరెంటు ఎక్కడిదన్న ప్రశ్నను దాటవేయడం నాకు ఇష్టం లేదు. దేశంలో ఉత్పత్తయ్యే విద్యుత్తులో మూడింట రెండు వంతులకు పైగా బొగ్గుదే. మా సెల్లార్లో రాత్రిపూట పారే కరెంటులో సింగరేణి కార్మికుల చెమట, రామగుండం బూడిద రెండూ ఉన్నాయి. అయినా ఒక కేంద్రంలో కాలే బొగ్గును మార్చే దారులున్నాయి, లక్షల సైలెన్సర్లను ఒక్కొక్కటిగా మార్చే దారి లేదు. సౌర విద్యుత్తు పెరిగేకొద్దీ ఇదే బండి, ఏ మార్పూ లేకుండా, ఏటేటా ఇంకాస్త శుభ్రంగా నడుస్తుంది. ఏ పెట్రోలు కారూ పాతబడుతూ శుభ్రపడదు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా లిథియం సెల్స్ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. బ్యాటరీ గుండె మన నేల మీద తయారయ్యే రోజు కోసం నేను ఆశగా చూస్తున్నాను.

బ్యాటరీ మీద ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఉంది. ఆ తర్వాత అమ్మితే ఎంతొస్తుందని బంధువులు అడుగుతూనే ఉంటారు. సెకండ్ హ్యాండ్ మార్కెట్ ఇంకా కుదురుకోలేదు కాబట్టి మూడేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవాళ్లు ఆలోచించుకోవాలి. పదేళ్లు ఉంచుకునేవాళ్లకు ఆ బెంగ అక్కర్లేదు.

మా అపార్ట్‌మెంట్లో ఇప్పుడు అసలు చర్చ మరొకటి. నా కేబుల్ పడ్డాక మూడో అంతస్తు టీచరుగారు తన స్కూటరుకు పాయింటు అడిగారు. రెండో అంతస్తులో ఒకరు కారు బుక్ చేశారు. ఒక్కొక్కరూ ఒక్కో కేబుల్ లాగితే మీటర్ రూము తట్టుకోదని ఎలక్ట్రీషియన్ చెప్పడంతో, అందరికీ కలిపి ఒక పెద్ద లైను, ఎవరి వాడకానికి వారికి సబ్ మీటర్లు పెట్టాలని అసోసియేషన్ తీర్మానించింది. వాచ్‌మన్ కొడుకు ఈ మధ్య ఎలక్ట్రిక్ ఆటో కొన్నాడు, అతనికీ ఒక పాయింటు ఇవ్వాలని ప్రతిపాదించాను. కరెంటు ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గర మాట ఆగింది. అతను తన మీటరు బిల్లు తానే కట్టుకుంటానంటున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచమని డిస్కంకు దరఖాస్తు వెళ్లింది, వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.