నిలబడ్డ బండి ఎందుకు అదురుతుంది?

డీజిల్ ఇంజన్‌లో మంట పెట్టే స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు అదిమేస్తే అది 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అందులోకి చిమ్మిన నూనె తనంతట తానే అంటుకుంటుంది. ఈ సూత్రంతోనే రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో తన ఇంజన్‌ను నడిపి చూపించాడు. 1900 పారిస్ ప్రదర్శనలో అలాంటి ఇంజన్ ఒకటి వేరుశనగ నూనెతో తిరిగింది. అయితే అప్పటి ఇంజన్ కారులో పట్టేది కాదు. 1927లో బాష్ వారి ఇంజక్షన్ పంపు వచ్చాకే దారి తెరుచుకుంది. 1936లో మెర్సిడెస్ 260డి అనే డీజిల్ కారు వచ్చింది. మనకు మాత్రం చాలా ఏళ్లు డీజిల్ కారంటే అంబాసిడరే.

తెనాలి నుంచి రేపల్లె వెళ్తూ రైలు గేటు దగ్గర ఆగిన పాత డీజిల్ బండి ఒళ్లంతా ఊగుతోందనుకోండి. స్లోలో ఇంజన్ నిమిషానికి 700 చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్ సెకనుకు దాదాపు ఆరుసార్లు మండాలి. ఒకటి తప్పితే, పల్లకీ మోసే నలుగురిలో ఒకడు అడుగు తడబడినట్టే. వేగం మీద ఫ్లైవీల్ ఊపు ఆ లోపాన్ని కప్పేస్తుంది.

పొద్దున తెల్లపొగతో అదిరి, వేడెక్కగానే సర్దుకుంటే ముందు హీటర్ ప్లగ్గులు చూడాలి. మన ఎండల్లో వాటి లోపం బయటపడదు, సంక్రాంతి మంచులో పడుతుంది. వేడెక్కినా ఆగకపోతే డీజిల్ ఫిల్టర్, గాలి దూరే డీజిల్ గొట్టాల బిగింపులు చూడాలి. ఇంజన్ చప్పుడు లయగా ఉండి బాడీ మాత్రం ఊగితే రబ్బరు మౌంటింగులు అరిగి ఉండొచ్చు.

అసలు పరీక్ష తర్వాతే ఉంది. పాత మెకానికల్ పంపున్న బండిలో మెకానిక్ సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఒక్కో నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేస్తాడు. చప్పుడు తేడా పడితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. తేడా లేకపోతే దొంగ దొరికినట్టే. ఆ నాజిల్‌ను పక్క సిలిండర్‌లో పెట్టి చూడాలి. జబ్బు దాంతోపాటు వెళ్తే తప్పు నాజిల్‌ది, అక్కడే ఉండిపోతే కంప్రెషన్ చూడాలి. ఇవేవీ చూడకుండా పంపు విప్పిస్తే డబ్బు దండగని నా గట్టి అభిప్రాయం.

కొత్త తరం కామన్ రైల్ బండిలో మాత్రం ఆ నట్టు జోలికి పోవద్దు. స్లోలోనే వందల బార్ల పీడనం ఉంటుంది, చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. సూదిమొనంత గాయమే కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.